ఒక్క వ్యాగను చెడితే రేకంతా వెనక్కి పంపుతామా?

కంప్యూటరు పట్టికలో తప్పు దొర్లినప్పుడు మనిషిని ఎట్లా మందలించాలి? చరోదా రైల్వే యార్డు ఈ ప్రశ్నకు ఏనాడో జవాబు చెప్పింది

హౌరా నుంచి నాగపూరు మీదుగా ముంబయికి పోయే ప్రధాన రైలుమార్గంలో, రాయపూరుకూ దుర్గుకూ నడుమ చరోదా ఉన్నది. నేడది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని దుర్గ్ జిల్లాలో భిలాయి-చరోదా నగరపాలక సంస్థలో భాగం. ప్రక్కనే భిలాయి ఉక్కు కర్మాగారం. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఆ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దల్లీ-రాజహరా గనుల ఇనుపరాయి, దూరప్రాంతాల బొగ్గు లోపలికి వస్తాయి. పట్టాలు, ఉక్కు పలకలు వెలుపలికి పోతాయి. ఇవన్నీ కదిలేది వ్యాగన్ల మీదనే. కనుక చరోదాలో పెద్ద మార్షలింగ్ యార్డు ఏర్పడింది. యార్డు వెంట రైల్వే కాలనీలు, ఆ కాలనీలలో తెలుగు కుటుంబాలు వచ్చాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులనుంచీ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలవారికి ఈ మార్గంలో కొలువు కొత్త కాదు.

ఆ యార్డులో ఒక దృశ్యాన్ని ఊహించుకోండి. యాభై ఎనిమిది వ్యాగన్ల రేక్ ఒకటి వచ్చి నిలిచింది. బండి పరీక్షకులు రెండు ప్రక్కలా నడుస్తూ చక్రాలు, స్ప్రింగులు, బ్రేకు గొట్టాలు తడిమి చూస్తున్నారు. ఇరవై మూడవ వ్యాగనులో లోపం కనిపించింది. అప్పుడేం చేస్తారు? రేకంతటినీ బయలుదేరిన స్టేషనుకు తిప్పి పంపుతారా? వ్యాగనులోని బొగ్గును నేలపాలు చేస్తారా? ఎవరికీ చెప్పకుండా ఊరకుంటారా? ఈ మూడింటిలో ఏదీ చెయ్యరు. ఆ వ్యాగను మీద గుర్తు వేస్తారు, లోపమేమిటో వ్రాస్తారు, దానిని విడదీసి సిక్ లైనుకు పంపుతారు. మిగిలిన వ్యాగన్లు తమ దారిన పోతాయి. సిక్ లైనులో మరమ్మతు పూర్తయిన వ్యాగను సరుకుతోనే మరో రేక్‌లో చేరుతుంది.

ఇంత చిన్న విషయాన్ని ఇంత వివరంగా చెప్పటానికి కారణం ఉన్నది. ఇనుప వ్యాగను పట్ల రైల్వేవారు చూపే ఈ వివేకాన్ని, అదే వ్యాగను నెంబరును కంప్యూటరు పట్టికలో నమోదు చేసే గుమాస్తా పట్ల చాలా సాఫ్ట్‌వేర్లు చూపటం లేదు. రైల్వేలోనే కాదు, బ్యాంకులో, బడిలో, పురపాలక కార్యాలయంలో, ఇంట్లో మన చేతి ఫోనులో కూడా ఇదే పరిస్థితి.

పదకొండు అంకెల కథ

ఒకప్పుడు యార్డుల్లో నెంబర్ టేకర్లుండేవారు. చేతిలో పుస్తకం, చెవిమీద పెన్సిలు, చీకటిలో లాంతరుతో రేక్ పొడవునా నడిచి ప్రతి వ్యాగను నెంబరూ వ్రాసుకొనేవారు. వానకు తడిసిన కాగితంమీద 3 కాస్తా 8గా మారితే, ఒక ఊరికి పోవలసిన సరుకు మరో ఊరి లెక్కలో చేరేది. వ్యాగను ఎక్కడున్నదో తెలియకపోతే యజమాని సరుకు చేరదు, అద్దె లెక్క తేలదు, ఖాళీ వ్యాగను కోసం మరొకడు ఎదురుచూస్తూనే ఉంటాడు.

ఈ బాధను తగ్గించటానికే భారతీయ రైల్వేలు 2003లో వ్యాగన్లకు పదకొండు అంకెల నెంబరు పద్ధతిని ప్రవేశపెట్టాయి. మొదటి రెండంకెలు వ్యాగను రకాన్ని, తరువాతి రెండు దాని యజమాని అయిన రైల్వేను, ఆ పైని రెండు తయారైన సంవత్సరాన్ని, పిమ్మట నాలుగు వ్యాగను సొంత సంఖ్యను తెలుపుతాయి. చివరిదైన పదకొండవ అంకె ఏ సమాచారాన్నీ చెప్పదు. అది కేవలం కాపలాదారు. మిగిలిన పది అంకెలూ సరిగా ఉన్నాయా లేదా అని చూడటమే దాని పని.

దాని లెక్క ఎవరైనా చేయవచ్చును. ఉదాహరణకు మనమే ఒక నెంబరును కల్పించుకొందాం: 22 07 06 1234. సరిస్థానాలలోని అంకెలు, అంటే రెండవది, నాల్గవది, ఆరవది, ఎనిమిదవది, పదవది, కూడితే 2, 7, 6, 2, 4 కలిసి 21. దానిని మూడుతో హెచ్చిస్తే 63. బేసిస్థానాలలోని 2, 0, 0, 1, 3 కూడితే 6. మొత్తం 69. దీనిపైన వచ్చే పదుల సంఖ్య 70. అక్కడికి చేరటానికి కావలసినది 1. అదే పదకొండవ అంకె. కనుక పూర్తి నెంబరు 22070612341.

ఇప్పుడు గుమాస్తా పొరపాటున 1234 బదులు 1274 అని కొట్టాడనుకోండి. మొత్తం 73 అవుతుంది, కాపలా అంకె 7 కావలసి వస్తుంది. కాని చివర ఉన్నది 1. తప్పు పట్టుబడింది. 1243 అని అంకెలు తారుమారు చేసినా లెక్క 67కు వచ్చి, 3 కావలసినచోట 1 నిలిచి తప్పును పట్టిస్తుంది. ఒక్క అంకె మారిన తప్పు ఏదైనా ఈ కాపలాను దాటలేదు.

అయితే ఈ కాపలాదారుకూ ఒక కునికిపాటు ఉన్నది. మన నెంబరులో 6, 1 ప్రక్కప్రక్కన ఉన్నవి. వాటిని తారుమారు చేసి 22 07 01 6234 అని వ్రాస్తే మొత్తం 59 అవుతుంది. కాపలా అంకె మళ్ళీ 1! నెంబరు తప్పు, అయినా లెక్క ఒప్పు. ప్రక్కప్రక్కనున్న అంకెల మధ్య తేడా సరిగ్గా అయిదైతే, అనగా 1-6, 2-7, 3-8 వంటి జంటలైతే, వాటి తారుమారును ఈ పద్ధతి గుర్తించలేదు. అందుకే ఒక్క పరీక్ష చాలదు. అటువంటి నెంబరుగల వ్యాగను అసలున్నదా, ఉంటే అది ఈ క్షణాన మరో ఊరి రేక్‌లో ఉన్నట్లు నమోదై ఉన్నదా అని పెద్ద పట్టికతో పోల్చి చూడవలసిందే.

ఈ రెండు పరీక్షలకూ స్థానాలు వేరు. మొదటి లెక్కను గుమాస్తా ఎదుటనున్న బ్రౌజరే చేయగలదు. రెండవదానికి దూరాన ఉన్న సర్వరును అడగాలి. పైగా బ్రౌజరులోని పరీక్షను తెలిసినవాడెవడైనా తప్పించుకోగలడు గనుక, సర్వరు మొదటి పరీక్షను కూడా తాను మళ్ళీ చేసి తీరాలి. బ్రౌజరు పరీక్ష మనిషి సౌకర్యానికి, సర్వరు పరీక్ష దస్తరం భద్రతకు.

తప్పు తెలిసిన తరువాత

తప్పును పట్టటం సగం పని మాత్రమే. పట్టిన తరువాత ఏమి చేస్తామన్నది మిగిలిన సగం. సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

యాభై ఎనిమిది వరుసలున్న పట్టికను మన గుమాస్తా సరిదిద్దుతున్నాడు. ఇరవై మూడవ వరుసలో నెంబరు మార్చి, బరువు మార్చి, చేరవలసిన స్టేషను మార్చి, భద్రపరచే మీట నొక్కాడు. నెంబరులో ఒక అంకె తప్పింది. అప్పుడు మూడు రకాల అన్యాయాలు జరగవచ్చును.

మొదటిది, తెరమీద పాత అంకెలే తిరిగి ప్రత్యక్షం కావటం. మనిషి కొట్టినదంతా మాయమవుతుంది. ఒక్క అంకె తప్పినందుకు సరిగా వ్రాసిన బరువు, స్టేషను కూడా పోతాయి. రెండవది, 'నమోదు విఫలమైనది' అని ఒక్క మాట చెప్పి ఊరకుండటం. ఏ వరుసలో, ఏ గడిలో, ఎందుకు? జవాబు లేదు. మూడవది అన్నిటికన్నా ప్రమాదకరమైనది. సర్వరు ఒప్పుకోకముందే తెర తొందరపడి కొత్త అంకెలను చూపిస్తుంది. లోపల సర్వరు నిరాకరిస్తుంది. గుమాస్తా పని పూర్తయిందనుకొని ఇంటికి పోతాడు. తెల్లవారి చూస్తే దస్తరంలో పాత నెంబరే ఉంటుంది. తెర అబద్ధమాడింది, నింద మాత్రం మనిషిమీద పడుతుంది.

చరోదా యార్డులో చిరకాలం పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక శ్రీకాకుళం తాతగారు ఈ తెరముందు మనుమడి ప్రక్కన కూర్చున్నారని ఊహించండి. ఆయన ఏమంటారు? “ఏటి బావూ ఇది? ఒక్క బండి సిక్కయితే సిక్ లైన్లో ఎట్టాల గానీ, సరుకంతా పారబోస్తారేటి?” ఆ ఒక్క మాటలోనే ఈ శాస్త్రమంతా ఇమిడి ఉన్నది.

అట్టకు పడిన గాటు

విచిత్రమేమంటే, ఈ మర్యాద కంప్యూటరు లోకానికి ఒకప్పుడు తెలియనిది కాదు. 1960వ దశకంలో భారతీయ రైల్వేలు ఐ.బి.ఎం. 1401 కంప్యూటర్లను తెచ్చినప్పుడు సమాచారమంతా చిల్లులు పొడిచిన అట్టలమీద ఉండేది. ఒకరు అట్టమీద చిల్లులు పొడిస్తే, మరొకరు అదే కాగితాన్ని చూసి 'వెరిఫయర్' అనే యంత్రంమీద మళ్ళీ మీటలు నొక్కేవారు. ఈ రెండోసారి కొత్త చిల్లులు పడవు, పాత వాటితో పోలిక మాత్రమే జరుగుతుంది. పోలిక తప్పితే యంత్రం ఆగి ఎర్రదీపం వెలిగించేది. ఆమె మళ్ళీ ప్రయత్నించవచ్చు. మూడవసారి కూడా కుదరకపోతే, సరిగ్గా ఆ తప్పు ఉన్న నిలువు వరుసకు ఎగువన అట్ట అంచుకు ఒక చిన్న గాటు పడేది. అంతా సరిగా ఉన్న అట్టకు కుడి అంచున గాటు పడేది.

ఆ యంత్రం ఎంత మర్యాద పాటించిందో చూడండి. మనిషికి మళ్ళీ ప్రయత్నించే అవకాశం ఇచ్చింది. తప్పెక్కడో వేలుపెట్టి చూపింది. అట్టను చించలేదు. ఒప్పయిన అట్టకూ గుర్తు వేసింది. ఇన్ని దశాబ్దాల తరువాత వచ్చిన అనేక తెరలు ఈ నాలుగు గుణాలలో ఒకటి రెండింటినైనా మరచిపోయాయి.

అందుకు ఒక చారిత్రక కారణం లేకపోలేదు. టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్ తొలిరోజులలో ఎక్కువమందికి చదివే సాధనంగానే ఉండేది. పత్రాలు నింపి పంపటం తరువాత వచ్చింది. తొలిదశలో మనిషి నింపిన పత్రం సర్వరుకు పోయి, తప్పుంటే సరికొత్త పుట తిరిగి వచ్చేది. పాత జవాబులను ఆ పుటలో మళ్ళీ నింపే శ్రమ ప్రోగ్రాము వ్రాసినవాడు తీసుకోకపోతే అన్నీ ఖాళీ గడులే దర్శనమిచ్చేవి. 1995లో జావాస్క్రిప్ట్ రాకతో బ్రౌజరులోనే కొన్ని పరీక్షలు జరపటం సాధ్యమయింది. 2005 ప్రాంతాన ప్రచారంలోకి వచ్చిన 'అజాక్స్' పద్ధతితో, పుట మారకుండానే ఒక్క వరుసను మాత్రం సర్వరుకు పంపే వీలు విస్తృతమయింది. సాధనాలు మారాయి, అలవాట్లు మాత్రం అంత త్వరగా మారలేదు.

సిక్ లైను ధర్మాలు

మరి చేయవలసినదేమిటి? యార్డు పద్ధతినే పట్టికకు అన్వయించి చూద్దాం.

సరుకు పారబోయరాదు. మనిషి కొట్టినది తప్పైనా సరే, ఆ గడిలోనే ఉండనివ్వాలి. తప్పు కళ్ళెదుట ఉంటేనే దిద్దుకోవటం సులభం. దస్తరంలోని పాత విలువ ఏమిటో ప్రక్కన చూపితే ఇంకా మేలు. 'వద్దు, పాతదే ఉండనీ' అనే నిర్ణయం మనిషి తీసుకోవాలే గాని యంత్రం కాదు.

లోపం ఎక్కడో గుర్తుపెట్టాలి. ఆ వరుసను సవరణ స్థితిలోనే నిలిపి, తప్పున్న గడిని చూపాలి. పట్టిక పొడవైనదైతే 'రెండు వరుసలలో తప్పులున్నవి' అని పైన చెప్పి, మొదటి తప్పు దగ్గరకు తానే తీసుకొనిపోవాలి. ఎరుపు రంగొక్కటే చాలదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కళ్ళున్నవి, అసలు చూపేలేక తెరను చెవితో వినేవారున్నారు. అందుకే 2008లో వెలువడిన అంతర్జాతీయ వెబ్ సౌలభ్య సూత్రాలు తప్పున్న అంశాన్ని గుర్తించి, ఆ తప్పును అక్షరాలలో తెలపాలని నిర్దేశించాయి.

కారణం మనిషి భాషలో చెప్పాలి. 'చెల్లని విలువ' అన్నది తీర్పు మాత్రమే, సహాయం కాదు. 'చివరి అంకె లెక్కకు సరిపోలేదు. వ్యాగను మీది నెంబరుతో ఒకసారి పోల్చి చూడండి' అంటే అది సహాయం. నెంబరు పదకొండంకెలకు బదులు పదే ఉంటే ఆ మాటే చెప్పాలి. 22 07 అంటూ మధ్య ఖాళీలు వదిలి కొడితే, ఆ ఖాళీలను యంత్రమే తీసివేసుకోవాలి. అది మనిషి తప్పు కానే కాదు.

వేళ ఎరిగి పలకాలి. నాలుగో అంకె కొడుతుండగానే 'తప్పు, తప్పు' అని అరచే తెర, మాట పూర్తికాకముందే అడ్డుపడే మనిషివంటిది. గడి విడిచి ముందుకు పోయినప్పుడు చెప్పటం మర్యాద. తప్పు దిద్దుకొన్న మరుక్షణమే ఆ హెచ్చరికను తొలగించటం అంతకన్న మర్యాద.

ఒప్పుకొన్నది మాత్రమే ఒప్పని చూపాలి. సర్వరునుంచి కబురు రాకముందు ఆ వరుస 'ఇంకా నమోదు కాలేదు' అనే గుర్తుతోనే ఉండాలి.

రేక్ కదలాలా, ఆగాలా?

ఇక పెద్ద ప్రశ్న. ఒక వరుస తప్పితే మిగిలిన యాభై ఏడింటినీ నమోదు చేయవచ్చునా?

దీనికి ఒకే జవాబు లేదు. ప్రతి వరుసా దేనికదే అయినప్పుడు, తప్పిన దానిని ఆపి మిగిలిన వాటిని స్వీకరించటం న్యాయం. బడిలో నలభైమంది మార్కులు నమోదు చేస్తూండగా ఒకరికి నూరుకు నూట అయిదు పడితే, ముప్పైతొమ్మిదిమందిని ఆపటం దేనికి? కాని ఒక ఖాతానుంచి డబ్బు తీసి మరో ఖాతాలో వేసినప్పుడు ఆ రెండు వరుసలూ ఒకే ప్రాణం. ఒకటి తప్పితే రెండూ ఆగాలి. లేకపోతే డబ్బు గాలిలో కలుస్తుంది. ఏ వరుసలు విడదీయదగినవో, ఏవి కలిసే కదలాలో యంత్రానికి తెలియదు. ఆ పని తెలిసిన మనిషిని అడిగి ప్రోగ్రాము వ్రాయాలి. ఏ నిర్ణయం తీసుకొన్నా, 'యాభై ఏడు చేరినవి, ఒకటి ఆగినది' అని స్పష్టంగా చెప్పి తీరాలి.

మరొక చిక్కు కూడా ఉన్నది. ఇద్దరు గుమాస్తాలు ఒకే వరుసను ఒకే సమయంలో తెరిచారనుకోండి. ఒకరు స్టేషను మార్చి భద్రపరచారు. రెండవవారు అది తెలియక పాత స్టేషనుతోనే బరువు మార్చి పంపారు. ఇద్దరి అంకెలూ ఏ పరీక్షలోనూ తప్పవు. అయినా రెండవవారి వ్రాత మొదటివారి పనిని తుడిచివేస్తుంది. దీనికి మందు ప్రతి వరుసకూ ఒక కూర్పు సంఖ్య ఉంచటం. తెరిచిన నాటి సంఖ్యకూ, పంపిన నాటి సంఖ్యకూ తేడా ఉంటే సర్వరు ఆపి, 'మీరు చూస్తుండగా ఈ వరుస మారినది, ఇదీ ఆ మార్పు' అని ఇద్దరి వ్రాతలనూ ప్రక్కప్రక్కన చూపాలి.

పరీక్షే తప్పయితే?

ఇంతవరకు మనిషి తప్పును గురించి చెప్పుకొన్నాం. పరీక్ష పెట్టినవాడి తప్పు సంగతేమిటి?

తెలుగువారి పేర్లనే తీసుకోండి. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. ఇంటిపేరును ఒకే అక్షరంగా కుదించి వ్రాసుకోవటం అలవాటు. ఇంటిపేరు చివర ఉండాలనీ, కనీసం రెండక్షరాలుండాలనీ నియమం పెట్టిన తెర ముందు, నిజం చెప్పిన తెలుగువాడు తప్పు చేసినవాడవుతాడు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉండటంవల్ల అమెరికా వీసామీద పెట్టిన పేరుండవలసిన చోట 'ఎఫ్.ఎన్.యు.' అనే మూడక్షరాలు చేరి, ఆపై అదే తమ పేరుగా చెలామణి అయి చిక్కులు పడినవారున్నారు. దాని అర్థం 'మొదటి పేరు తెలియదు' అని మాత్రమే!

పుట్టినరోజు కథా అంతే. సంవత్సరం మాత్రమే తెలిసిన పెద్దలు మన ఊళ్ళలో ఎందరో. నెల, తేదీ ఖాళీగా ఉంటే తెర ముందుకు కదలదు. పాపం నమోదు చేసేవాడేం చేస్తాడు? జనవరి 1 అని వ్రాస్తాడు. కాగితాలలో జనవరి 1న పుట్టినవారు అంతమంది ఉండటానికి ఇదొక కారణం. ఫోనులేని ముసలమ్మకు పది తొమ్మిదులు వ్రాస్తారు. పరీక్ష నెగ్గింది, సత్యం ఓడింది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే. మనిషిని అకారణంగా నిలదీసే తెర, అబద్ధం వ్రాయటం అలవాటు చేస్తుంది. ఆ అబద్ధం దస్తరంలో ఒప్పయిన వరుసలా నిలిచి ఉంటుంది. దానికి ఏ ఎర్రదీపమూ వెలగదు.

కనుక 'తెలియదు' అనేది కూడా ఒక గౌరవప్రదమైన జవాబుగా పట్టికలో చోటు ఉండాలి. అసాధ్యమైన దానిని ఆపాలి, అరుదైన దానిని అడిగి చూడాలి. పదకొండవ అంకె కుదరని నెంబరు అసాధ్యం. దానిని ఆపవలసిందే. మరో రేక్‌లో ఉన్నట్లు కనిపించే వ్యాగను అరుదు. ఆ పాత నమోదే తప్పు కావచ్చును. అప్పుడు 'మీరు కళ్ళారా చూశారా?' అని అడిగి, అవునంటే స్వీకరించి, పై అధికారి పరిశీలనకు ఉంచాలి. ఎందుకంటే, పట్టాలమీద నిలిచి ఉన్న వ్యాగనుకన్నా పట్టికలోని వరుస ఎక్కువ నిజం కాదు.

చరోదాలో రాత్రింబగళ్ళు వ్యాగన్లు వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. చెడిపోయిన వ్యాగనును అక్కడ ఎవరూ తిట్టరు, దాచరు, పారవెయ్యరు. గుర్తుపెట్టి, కారణం వ్రాసి, బాగుచేసి మళ్ళీ దారిలో పెడతారు. ఇనుముకు దక్కుతున్న ఆ ఆదరం, తెరముందు కూర్చున్న మనిషికి కూడా దక్కటం న్యాయమే గదా!